దించడం

పోర్ట్ అనే మాటకు సరిపోయే తెలుగు మాట నాకు ఏ కంప్యూటర్ పుస్తకంలోనూ దొరకలేదు. ఆళ్లగడ్డలో మా మామ శిల్పాల షెడ్డులో దొరికింది. ఆ మాట 'దించడం'. ఒక విగ్రహాన్ని చూసి అదే విగ్రహాన్ని ఇంకో రాతిలో చేస్తే "దించినాడు" అంటారు అక్కడ. "వాళ్ల నాయన్ని అచ్చం దించేసినాడబ్బా" అని పిల్లల్ని చూసి అంటాం కదా, అదే మాట. ఒక యంత్రం కోసం రాసిన ప్రోగ్రామ్‌ని ఇంకో యంత్రం మీద నడిచేలా మళ్లీ తయారు చేయడాన్ని ఇంతకంటే బాగా చెప్పే మాట నాకైతే తట్టలేదు.

అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. దించడమంటే పైన ఉన్నదాన్ని కిందికి తేవడం కూడా. అంటే దించిన వస్తువు అసలుదానికంటే ఒక మెట్టు కిందే అనే తీర్పు ఆ మాటలోనే దాక్కుని ఉంది. నాకు పేచీ ఆ తీర్పుతోనే. నా సాక్షి ఒక పాత వీడియో గేమ్.

దాని పేరు గూల్స్ ఎన్ గోస్ట్స్. జపాన్‌లో డైమకైమురా. మకై అంటే భూతలోకం, మురా అంటే ఊరు, డై అంటే పెద్ద. క్యాప్‌కామ్ కంపెనీ 1985లో గోస్ట్స్ ఎన్ గాబ్లిన్స్ అనే ఆట తెచ్చింది. దాని రెండో భాగం ఇది. నాణెం వేసి ఆడే ఆర్కేడ్ మిషన్ల కోసం 1988లో వచ్చింది. రెండింటికీ పెద్ద తలకాయ తొకురో ఫుజివారా. ఆర్థర్ అనే గడ్డం వీరుడు ఉంటాడు. రాకుమారి ఆత్మను భూతాలు ఎత్తుకుపోతే, కవచం తొడుక్కుని, ఈటె పట్టుకుని బయలుదేరతాడు. ఒక దెబ్బ తగిలితే కవచం ముక్కలై ఎగిరిపోయి, మనవాడు చెడ్డీ మీద మిగులుతాడు. ఇంకో దెబ్బకు ఎముకల కుప్ప. అంతే, మళ్లీ మొదటి నుంచి.

మా ఇంట్లో దీన్ని ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. 'చెడ్డీ వీరుడి ఆట' అనేవాళ్లం. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు మా బావ, అంటే మామ పెద్ద కొడుకు, నంద్యాల ఎగ్జిబిషన్‌లో ఒక నల్ల డబ్బా కొన్నాడు. "పదహారు బిట్లంట్రా, మారియో డబ్బా ఎనిమిదే" అని గొప్పగా చెప్పినాడు. అది సెగా మెగా డ్రైవ్‌కి నకలు అనే సంగతి నాకు ఇంజనీరింగ్‌లో చేరాక గానీ తెలీలేదు. పసుపు, తెలుపు వైర్లు టీవీ వెనక గుచ్చి, క్యాసెట్‌ని బలంగా నొక్కితే ఆట వచ్చేది. క్యాసెట్ మీద బొమ్మ ఇంకేదో కారు రేసుది. లోపల మాత్రం శ్మశానం, గద్దలు, కొడవళ్లు పట్టుకుని మట్టిలోంచి లేచే భూతాలు.

ఈ ఆట ఎందుకు కష్టమో ఆడినవాళ్లకు తెలుసు. ఆర్థర్ ఒకసారి ఎగిరాడంటే గాల్లో దారి మార్చుకోలేడు. మారియో అయితే గాల్లో వెనక్కి తిరుగుతాడు, ఆగుతాడు, మనం చేసిన తప్పు దిద్దుతాడు. ఆర్థర్ దగ్గర ఆ దయ లేదు. ఎగరకముందే లెక్క వేసుకోవాలి. రెండో భాగంలో ఒక్క వెసులుబాటు ఇచ్చారు. ఈటెను పైకీ, గాల్లో ఉన్నప్పుడు కిందికీ విసరొచ్చు. బంగారు కవచం దొరికితే, బటన్ నొక్కిపట్టి మంత్రశక్తి వాడొచ్చు. దానికి బదులుగా కొన్ని పెట్టెల్లో మాయగాడు దాక్కుని ఉంటాడు. తెరిస్తే మనల్ని బాతుగానో ముసలివాడిగానో మార్చేస్తాడు.

ఇంతా చేసి ఐదు దశలూ దాటితే, "ఇంకో ఆయుధం కావాలి, మొదటికి పో" అంటుంది ఆట. మొత్తం రెండోసారి ఆడితేనే అసలు శత్రువు ముందుకొస్తాడు. మా బావ ఒక ఎండాకాలం మధ్యాహ్నం అంతవరకూ వచ్చాడు. వెనక్కి పంపించిన తెర వచ్చిన నిమిషానికి కరెంటు పోయింది. ఆ డబ్బాలో ఆటను దాచుకునే వీలు లేదు. బావ రిమోట్ కింద పెట్టి, "సప్లీ రాసేవాళ్ల బాధ ఇదేరా" అని షెడ్డుకు పోయినాడు. అప్పటికి ఆయన ఇంటర్ పూర్తిచేసి, పైచదువు వద్దని ఉలి పట్టుకుని రెండేళ్లయింది.

ఇక్కడ మన బ్రాంచి వాళ్లకు నచ్చే సంగతి ఒకటి చెప్తాను.

మేం ఆడింది క్యాప్‌కామ్ ఆర్కేడ్‌లో పెట్టిన ఆట కాదు. సెగా వాళ్లు క్యాప్‌కామ్ దగ్గర హక్కు తీసుకుని, తమ మెగా డ్రైవ్ కోసం 1989లో మళ్లీ రాసుకున్న ఆట. ఆ ప్రోగ్రామ్ రాసినాయన యూజీ నాకా. రెండేళ్ల తర్వాత సోనిక్ ఆటకు ప్రోగ్రామ్ రాసింది కూడా ఆయనే. ఆయన ముందున్న లెక్క చూడండి. ఆర్కేడ్ బోర్డు పేరు సీపీఎస్-1. అందులో మోటరోలా 68000 ప్రాసెసర్, వేగం 10 మెగాహెర్ట్జ్. మెగా డ్రైవ్‌లోనూ అదే 68000, కానీ వేగం 7.67 మెగాహెర్ట్జ్. ఆర్కేడ్ తెర అడ్డంగా 384 చుక్కలు, నిలువుగా 224. మెగా డ్రైవ్‌లో అడ్డంగా 320 చుక్కలే. మెగా డ్రైవ్ తెర మీద ఒకేసారి మామూలుగా 64 రంగులకు మించి రావు. క్యాసెట్ పరిమాణం 5 మెగాబిట్లు, అంటే 640 కిలోబైట్లు. ఆర్కేడ్ బోర్డు మీద చిప్పులన్నీ కలిపితే అంతకు కొన్ని రెట్లు.

రెండు యంత్రాల్లోనూ ధ్వని కోసం విడిగా ఒక జెడ్80 ప్రాసెసర్ ఉంది. ఈ జెడ్80 మనకు బంధువే. ఇంటెల్‌లో 8080 తయారుచేసిన ఫెడెరికో ఫాజిన్ బయటికొచ్చి, జైలాగ్ కంపెనీ పెట్టి, 1976లో తెచ్చిన చిప్పు అది. 8080కి రాసిన ప్రోగ్రామ్ దాని మీద నడుస్తుంది. మనం ల్యాబ్‌లో కిట్టు ముందు కూర్చుని హెక్సా కోడ్ కొట్టే 8085 కూడా ఆ 8080 వంశమే. వరసకు జెడ్80 మనకు పెదనాన్న కొడుకు అవుతుంది. సెకండియర్‌లో ఈ సంగతి చదివిన రోజు, ల్యాబ్‌లో ఆ పాత కిట్టు మీద నాకు కొంచెం గౌరవం పెరిగింది.

ప్రాసెసర్ ఒకటే కాబట్టి పని తేలిక అనుకోకూడదు. వేగం నాలుగో వంతు తక్కువ, చోటు తక్కువ, రంగులు తక్కువ. అన్నీ తేవడం కుదరదు. ఏది వదలాలో ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి. మెగా డ్రైవ్ ఆటలో వెనకాల దృశ్యాలు పలచబడ్డాయి, రంగుల మెట్లు తగ్గాయి. కానీ ఆర్థర్ ఎగిరే తీరు ఉంది. దారి మార్చుకోలేని ఆ మొండి గెంతు అట్లే ఉంది. కవచం ఎగిరిపోయే క్షణం ఉంది. మాయగాడు ఉన్నాడు. రెండోసారి మొదటికి పంపే మోసం కూడా ఉంది. రంగు పోతే ఆట బతుకుతుంది, గెంతు పోతే చస్తుంది. ఈ తేడా తెలిసిన మనిషి దించిన ఆట అది. అందుకే 2019లో సెగా తన పాత డబ్బాను మెగా డ్రైవ్ మినీ పేరుతో చిన్నది చేసి అమ్మినప్పుడు, ఎంపిక చేసిన ఆటల్లో దీనికీ చోటిచ్చింది.

ఇదే ఆటను ఇంకా చాలామంది దించారు. ఎన్ఈసీ వాళ్ల సూపర్ గ్రాఫిక్స్ అనే డబ్బా మీద 1990లో వచ్చింది. ఆ డబ్బాకు ప్రత్యేకంగా వచ్చిన ఆటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వాటిలో ఇదొకటి. జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ అనే చిన్న ఇంగ్లండు కంప్యూటర్ మీద కూడా వచ్చింది. అందులో ఎనిమిది చుక్కలకు ఎనిమిది చుక్కలుండే ప్రతి గడిలో రెండు రంగులే పెట్టగలం. సెగా వాళ్లే తమ ఎనిమిది బిట్ల మాస్టర్ సిస్టమ్‌కి తెచ్చినప్పుడు ఇంకో దారి పట్టారు. ఉన్నది ఉన్నట్టు తేలేమని తెలుసుకుని, ఆర్థర్ కవచాన్నీ బూట్లనూ మెరుగుపరుచుకునే కొత్త పద్ధతి కలిపారు. ఒకే విగ్రహం, రకరకాల రాళ్లు. ప్రతి రాయీ ఒక ప్రశ్న అడిగింది. ప్రతి పనివాడూ ఒక జవాబు చెప్పాడు.

రాయి అన్నాను కాబట్టి ఆళ్లగడ్డకు పోదాం.

నంద్యాల నుంచి కడప దారిలో, శిరివెళ్ల మెట్ట దాటి, నలభై కిలోమీటర్ల పైచిలుకు పోతే ఆళ్లగడ్డ. బస్సు ఊళ్లోకి రాగానే రోడ్డు పక్కన సగం చెక్కిన దేవుళ్లు, చెక్కడం మొదలుకాని దేవుళ్లు కనబడతారు. మా మామ షెడ్డు కూడా అట్లాంటిదే. పైన రేకులు, కింద తెల్లటి దుమ్ము, రోజంతా గ్రైండర్ మోత. మొదటి కోత ఇప్పుడు గ్రైండర్ బ్లేడుతోనే, కానీ ముఖం దగ్గరికి వచ్చేసరికి ఉలీ సుత్తే.

కిందటేడు కుందూ గట్టున ఒక చిన్న ఊరి నుంచి నలుగురు పెద్దమనుషులు వచ్చారు. మా మామ వేరే ఊరి గుడికి ఆరడుగుల చెన్నకేశవస్వామిని చేసి ఉన్నాడు. అది చూసి వచ్చినారు. వాళ్లకు అదే స్వామి కావాల. కానీ వాళ్ల గుడి చిన్నది, చందా ఇంకా చిన్నది. అడుగున్నర విగ్రహానికే డబ్బులున్నాయి.

మామ కుదరదన్నాడు. "ఆరడుగుల్లో చేసిన హారం అడుగున్నరలో రాదు నాయనా. పూసకు పూస చేయబోతే రాయి పెళుసు విరుగుతాది. పూసలు ల్యాకుండా చేస్తే అది నేను చేసిన సామి కాదు. నా పేరు చెప్పి తక్కువ పని ఇయ్యలేను" అన్నాడు. వాళ్లు లేచి పోబోతుంటే బావ ఆపినాడు. "నేను చేస్తా. నా పేరు మీద చేస్తా" అని. బయానా కూడా ఆయనే తీసుకున్నాడు. ఆ షెడ్డులో మామ పేరు కాకుండా ఇంకో పేరు మీద పని ఒప్పుకోవడం అదే మొదలు. ఆ రాత్రి ఇంట్లో అన్నాలు ఎవరూ సరిగా తినలేదని అత్త ఫోన్‌లో చెప్పింది.

నేను సెలవులకు పోయినప్పుడు బావ పని సగంలో ఉంది. కొలత ఎట్లా తగ్గించావని అడిగా. ఆయన చెప్పింది విని నాకు మతిపోయింది. శిల్పులకు తాళం అనే కొలత ఉంది. తాళమంటే ముఖం ఎత్తు. దాన్ని 12 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక అంగుళం. నవతాళ విగ్రహమంటే మొత్తం ఎత్తు 108 అంగుళాలు. ఈ అంగుళం మన స్కేలు మీద ఉండే ఇంచి కాదు. బొమ్మ ఎత్తును బట్టి మారుతుంది. ఆరడుగుల స్వామికి అంగుళమంటే ఇంచిలో మూడింట రెండు వంతులు. అడుగున్నర స్వామికి ఇంచిలో ఆరో వంతు. మనిషి చిన్నవాడైనా పెద్దవాడైనా ముఖం ముఖానికి తగినట్టే ఉంటుంది. కొలబద్ద దేవుడి ఒంట్లోనే ఉంటుంది, అంగడిలో కొనేది కాదు.

"మరి హారం?" అన్నా.

"హారం ఉండాది. పూసలు ల్యావు. గీత మాత్రం ఉండాది" అన్నాడు. "గుడిలో దీపం వెలుగులో పది అడుగుల దూరం నుంచి చూస్తారు. ఆ వెలుగులో పూస యాడ కనపడుతుంది? కనురెప్ప కనపడాల, పెదివి కనపడాల. అందుకే ఆ రెండింటినీ లెక్క కన్నా లోతుగా కొట్టినా. నాయన చూసి శాస్త్రం ఒప్పదన్నాడు. కొలత మార్చలా నాయనా, లోతు మార్చినా అన్నా."

"మామ ఏమన్నాడు?"

"ఏమంటాడు. దుమ్ము దులుపుకుని పాయ."

ఈ మాటలు నా చెవిలో ఉండగానే థర్డియర్ మినీ ప్రాజెక్టు వచ్చింది. మా టీమ్‌లో నలుగురం. బయట కొని తెచ్చే ప్రాజెక్టులు ఎట్లా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. ఆటోమేటిక్ స్ట్రీట్ లైట్ మన కారిడార్‌లో ఏటా పుడుతూనే ఉంటుంది. మేం చెడ్డీ వీరుడిని దించుతామన్నాం. క్యాప్‌కామ్ బొమ్మలు, సంగీతం ముట్టుకోకుండా, ఆ గెంతునూ ఆ రెండు దెబ్బల నియమాన్నీ ఒక ఆర్డ్యూనో ఊనో బోర్డు మీద, 128 చుక్కలకు 64 చుక్కలుండే బుల్లి ఓలెడ్ తెర మీద చేస్తామన్నాం.

మొదటి రివ్యూలో ఒక సార్ అడిగిన ప్రశ్న న్యాయమైనదే. "ఫోన్‌లో ఎమ్యులేటర్ వేసుకుంటే ఆర్కేడ్ ఆటే ఉన్నది ఉన్నట్టు వస్తుంది కదా. ఇంత తక్కువ తెర మీద తక్కువ ఆట ఎందుకు? దీంట్లో మీరు నేర్చుకునేది ఏముంది?" ప్రాజెక్టు మార్చుకోవడానికి వారం గడువు ఇచ్చారు. టీమ్‌లో ఇద్దరు మార్చేద్దామన్నారు. ఇంటర్నల్ మార్కుల సంగతి, వాళ్లను తప్పుపట్టలేను.

ఆ వారంలో మేం తయారుచేసుకున్న జవాబే ఈ వ్యాసానికి పునాది.

ఎమ్యులేటర్ అంటే కొత్త యంత్రం పాత యంత్రంలా వేషం వేయడం. అందులో ఎవరూ ఏదీ ఎంచుకోనక్కర్లేదు. అన్నీ వస్తాయి కాబట్టి ఏది ముఖ్యమో తెలియకుండానే పని అయిపోతుంది. దించేవాడికి ఆ సుఖం లేదు. ఊనోలో ఉన్న ఏటీమెగా328పీ చిప్పులో ర్యామ్ 2 కిలోబైట్లు. చిత్రం ఏంటంటే, మారియో నడిచిన పాత నింటెండో డబ్బా లోపలి వర్క్ ర్యామ్ కూడా 2 కిలోబైట్లే. కానీ నింటెండోకు బొమ్మ గీయడానికి వేరే చిప్పు ఉంది, మాకు లేదు. 128ని 64తో గుణించి 8తో భాగిస్తే 1024 బైట్లు. అంటే మా ర్యామ్‌లో సగం తెరకే పోయింది. మిగిలిన సగంలో వీరుడు, భూతాలు, ఈటెలు అన్నీ కాపురం చేయాలి.

తర్వాత కాలం. ఆ తెరకు ఐ స్క్వేర్డ్ సీ తీగల మీద 400 కిలోహెర్ట్జ్ వేగంతో బొమ్మ పంపాలి. ఒక్కో బైటుకు జవాబు బిట్టుతో కలిపి తొమ్మిది బిట్లు. 1024 బైట్లు పంపడానికే 23 మిల్లీసెకన్లు పడుతుంది. అసలు ఆట సెకనుకు 60 ఫ్రేములు, అంటే ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. కాబట్టి 60 మాకు అందదు. 30కి దిగాం.

ఇప్పుడు గెంతు ఏం కావాలి? ఫ్రేముల లెక్క పట్టుకుంటే వీరుడు నీళ్లలో ఎగిరినట్టు ఎగురుతాడు. సెకన్ల లెక్క పట్టుకోవాలి. ఫ్రేములు సగమైతే, ఒక్కో ఫ్రేముకు వేగం రెట్టింపు, గురుత్వాకర్షణ నాలుగింతలు. దాన్ని మళ్లీ తెర చిన్నదైన నిష్పత్తిలో తగ్గించాలి. ఆర్కేడ్ 384కి మా 128 సరిగ్గా మూడో వంతు. ఆ చిప్పులో దశాంశాల లెక్కకు వేరే భాగం లేదు. అందుకని 16 బిట్ల అంకెలో పై 8 బిట్లు చుక్కకు, కింది 8 బిట్లు చుక్కలో భాగానికి కేటాయించాం. ఈ లెక్క నోట్‌బుక్‌లో వేస్తుంటే బావ మాట గుర్తొచ్చింది. మారేది అంగుళం, మారకూడనిది తాళం. మా ఫ్రేమ్ శిల్పి అంగుళం లాంటిది. బొమ్మను బట్టి మారుతుంది. ఎగిరి దిగడానికి పట్టే కాలం, ఆ ఎత్తుకీ దూరానికీ ఉన్న పొత్తు మాత్రం మారకూడదు.

మరి కవచం? పది చుక్కల ఎత్తున్న మనిషికి గడ్డం గీయలేం. వెండి కవచానికీ ఒంటి రంగుకీ తేడా చూపలేం, ఎందుకంటే మా తెరకు తెలిసిన రంగులు రెండే, వెలుగూ చీకటీ. మా టీమ్‌లో బనగానపల్లె పిల్లోడు ఒకడున్నాడు. వాడు అన్నాడు: "కవచం ఉంటే మనిషిని నిండుగా తెల్లగా నింపుదాం. పోతే గీత మాత్రమే ఉంచుదాం, లోపల ఖాళీ." వేసి చూశాం. దెబ్బ తగలగానే నిండు మనిషి బోలు మనిషి అవుతాడు. చూసినవాడికి ఎవరూ చెప్పకుండానే గుండె ఒక్కసారి గుటుక్కుమంటుంది. బావ పూసలు తీసేసి హారం గీత ఉంచినట్టే. చెడ్డీ కూడా గీయలేదు. అయినా ల్యాబ్‌లో చూసిన ప్రతి ఒక్కరూ "రేయ్, బట్టలు పోయినాయి" అని నవ్వారు.

వారం తర్వాత ఇవన్నీ సార్‌కు చూపించాం. ఆయన ఆట ఆడలేదు. గెంతు లెక్క ఉన్న పేజీని మాత్రం రెండుసార్లు చదివి, "సరే, చేయండి" అన్నారు. మెచ్చుకోలు ఏమీ లేదు, అనుమతి అంతే. మాకు అది చాలింది.

మన క్లబ్బులో ఇది రాయడానికి ఇంకో కారణం ఉంది. తెలుగు సాహిత్యం మొదలైందే దించడంతో కదా. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో, రాజరాజ నరేంద్రుడి కోసం నన్నయ సంస్కృత భారతాన్ని తెలుగులోకి దించడం మొదలుపెట్టాడు. తర్వాత తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా చేశాడు. మధ్యలో మిగిలిన అరణ్యపర్వం శేషాన్ని ఎర్రన పూర్తి చేశాడు. మన ఆళ్లగడ్డ పక్కనే ఉన్న అహోబిలం నరసింహుణ్ణి తలుచుకుని నృసింహపురాణం రాసిన ఎర్రనే ఆయన. ఈ ముగ్గురిలో ఎవరూ శ్లోకానికి శ్లోకం అప్పజెప్పలేదు. భగవద్గీత సంస్కృతంలో 700 శ్లోకాలు. తిక్కన భీష్మపర్వంలో దాన్ని చాలా కొద్ది పద్యాలకు కుదించేశాడు. చేతగాక కాదు. కథ నడక ముఖ్యమనుకున్నాడు, యుద్ధం ఆగిపోకూడదనుకున్నాడు. అది ఆయన తేల్చుకున్న లెక్క. ఆ లెక్క మీద పండితులు ఇప్పటికీ వాదించుకోవచ్చు. కానీ తిక్కన భారతాన్ని తక్కువ భారతం అని మాత్రం ఎవరూ అనరు.

ఇంత దూరం ఎందుకొచ్చానంటే, మన కారిడార్లలో తరచూ వినపడే ఒక మాట గురించి. "మనది ఏముందిలే, నంద్యాల కాలేజీ." అదే సిలబస్, అవే పుస్తకాలు, కానీ హైదరాబాదులో అయితే వేరే, బెంగళూరులో అయితే ఇంకా వేరే. మనం అసలు ఆటకు వచ్చిన చౌక క్యాసెట్లం అన్నట్టు మాట్లాడుకుంటాం. నేనూ ఈ మాట వింటూ పెరిగినవాణ్ణే. మన ల్యాబ్‌లో కిట్లు పాతవి. ఇంటర్వ్యూకి బస్సెక్కి రాత్రంతా కూర్చుని పోవాలి. ఇవి అబద్ధాలు కావు. లేని రంగులు ఉన్నాయని నేను చెప్పను.

కానీ రంగులు తక్కువున్న చోట ప్రశ్న మారుతుంది. ఎన్ని ఉన్నాయి అనేది కాదు, ఉన్నవాటితో ఏది నిలబెట్టాం అనేది. మన దగ్గర ఉన్న పాత కిట్టు మీద ఒక ప్రోగ్రామ్‌ను ఒక్కో సూచన చొప్పున నడిపించి, రిజిస్టర్‌లో ఏం మారిందో చూడొచ్చు. ఆ పని ఓపిగ్గా చేసినవాడికి ప్రాసెసర్ అంటే ఏంటో అర్థమవుతుంది. దాన్ని వదిలేసి రికార్డు కాపీ కొట్టి, పైపెచ్చు సౌకర్యాలు లేవని నిట్టూర్చడం అంటే గెంతును పారేసి వెనకాల మేఘాలు దాచుకోవడమే. ఏది వదులుకోవాలో మన బదులు ఎప్పుడూ ఎవరో తేలుస్తున్నారని మనకు కోపం. కనీసం ఏది ఉంచుకోవాలో మనం తేల్చుకోవచ్చు.

మా మామ పూర్తిగా మారిపోయాడని చెప్పి ఈ వ్యాసాన్ని తీపి చేయను. ఆయన ఇప్పటికీ ఆ విగ్రహాన్ని 'చిన్నది' అనే అంటాడు. విగ్రహం ఊరికి పోయే ముందు కళ్లు తెరిపించాలి. ఆ షెడ్డులో అది పెద్దాయన పని. ఆ పొద్దు ఆయన వస్తాడో రాడో అని అత్తకు భయం. వచ్చినాడు. విగ్రహం ముందు చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. లోతుగా కొట్టిన ఆ కనురెప్పల మీద బొటనవేలు ఒకసారి నడిపించినాడు. తర్వాత చెయ్యి చాపి బావను చిన్న ఉలి అడిగినాడు. పని అయ్యాక, "గుళ్లో దీపం యాడ పెడతారో అడిగినావా?" అన్నాడు. బావ అడిగినాడంట. "అయితే సరే" అన్నాడు మామ. ఇంట్లో పెద్దగొడవ అంతటితో చల్లారింది. బావకు ఇప్పుడు అట్లాంటి చిన్న గుళ్ల పనులు ఇంకో రెండు వచ్చాయి. ఇద్దరూ ఒకే రేకుల కింద, ఎవరి పేరు మీద వాళ్లు, ఎవరి గ్రైండర్ మోత వాళ్లు.

మా ఆట విషయానికొస్తే, మూడు దశలు పూర్తయ్యాయి. మెమరీ మిగల్లేదు కాబట్టి మాయగాడిని వదిలేయాల్సి వచ్చింది. రెండోసారి మొదటికి పంపే మోసాన్ని మాత్రం ఉంచాం. దానికి ఖర్చు ఒక్క బిట్టే మరి. బోర్డు మన ఈసీఈ ప్రాజెక్టు ల్యాబ్‌లో, కిటికీ వైపు మూడో బెంచీ మీద ఉంటుంది. ఎవరైనా వచ్చి ఆడొచ్చు. ఎగరకముందే లెక్క వేసుకోండి. గాల్లో దారి మార్చుకోవడం కుదరదు. యూఎస్‌బీ కేబుల్ మాత్రం మీరే తెచ్చుకోండి, మాది ఎవరో తీసుకుపోయారు.